చిప్ మనది కాబట్టి ఇంటర్‌ఫేస్ కూడా మనదే ఉండాలా? కెర్నెల్‌లో వెండార్ ఇంటర్‌ఫేస్ ఎప్పుడు పెట్టాలి, ఎప్పుడు వద్దు

రాయదుర్గంలో చిప్ కంపెనీలకు డ్రైవర్లు రాసేవాళ్లకీ, చర్లపల్లిలో షెడ్డు అద్దెకు తీసుకుని సొంత బోర్డు తయారుచేసేవాళ్లకీ ఏదో ఒక రోజు ఒకే ప్రశ్న ఎదురవుతుంది. మా హార్డ్‌వేర్‌లో వేరేవాళ్ల దగ్గర లేని ఫీచర్ ఒకటుంది. దాన్ని అప్లికేషన్లకు అందించడానికి కెర్నెల్‌లో (ఆపరేటింగ్ సిస్టమ్‌లో హార్డ్‌వేర్‌ని నడిపే అసలు భాగంలో) మా పేరుతో ప్రత్యేక ఇంటర్‌ఫేస్ పెట్టుకోవాలా, లేక అక్కడున్న ఉమ్మడి ఇంటర్‌ఫేస్‌లోనే ఇమడాలా? నేను ఇక్కడ ఎక్కువగా లినక్స్ గురించే మాట్లాడతాను. మన ఊళ్లో ఈ పని చేసేవాళ్లలో చాలామంది చేతుల్లో ఉండేది అదే.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మీరు రాయని ప్రోగ్రామ్, మీకు ముఖపరిచయం కూడా లేని మనిషి రాసిన ప్రోగ్రామ్, ఆ ఫీచర్‌ని వాడుకోవాల్సి వస్తుందా అని అడగండి. వస్తుందంటే ఉమ్మడి ఇంటర్‌ఫేసే సరి, అది కొంచెం ఇరుగ్గా అనిపించినా సరే. అలా కాకుండా మీ హార్డ్‌వేర్‌కీ అప్లికేషన్‌కీ మధ్య మీ లైబ్రరీ ఎలాగూ ఉంటుంది, దాని సోర్సు అందరికీ దొరుకుతుంది అంటే సొంత ఇంటర్‌ఫేస్ పెట్టుకోవచ్చు. ఏదీ తేలకపోతే, రేపు మూసేయగలిగే చోట మొదలుపెట్టండి.

పెట్టడం తేలిక, తీయడమే కష్టం

కెర్నెల్ లోపల ఫంక్షన్లు ఎప్పుడంటే అప్పుడు మారతాయి. యూజర్‌స్పేస్‌కి, అంటే కెర్నెల్ బయట నడిచే ప్రోగ్రామ్‌లకు, కనిపించే ఇంటర్‌ఫేస్ అలా కాదు. దాన్ని నమ్ముకుని ఒక్క ప్రోగ్రామ్ నడుస్తున్నా దాన్ని చెడగొట్టకూడదన్నది లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ ఏళ్ల తరబడి పట్టుబట్టి నిలబెట్టిన నియమం. గోడలో కన్సీల్ చేసిన నీళ్ల పైపు లాంటిది ఇది: ప్లాస్టరింగ్ కాకముందు ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, అయ్యాక గోడ పగలగొట్టాల్సిందే.

ఉదాహరణకు జీపీఐఓ పిన్నులను (సాఫ్ట్‌వేర్‌తో ఆన్, ఆఫ్ చేయగల చిప్ కాళ్లను) చూడండి. సిస్‌ఎఫ్‌ఎస్‌లో (కెర్నెల్ తన సెట్టింగులను ఫైళ్లుగా చూపించే చోట) ఫైళ్ల ద్వారా పిన్నులు ఆన్, ఆఫ్ చేసే పాత పద్ధతికి బదులు 2016లో, 4.8 కెర్నెల్‌తో, కొత్త క్యారెక్టర్ డివైస్ (ప్రోగ్రామ్ తెరిచి ఆదేశాలు పంపే డివైస్ ఫైల్) వచ్చింది. పాతదాన్ని వాడొద్దని డాక్యుమెంటేషన్‌లో రాశారు, కాలం చెల్లినవాటి ఫోల్డర్‌లోకి మార్చారు. అయినా ఆ కోడ్ ఇప్పటికీ కెర్నెల్‌లోనే ఉంది. ఎందుకంటే ఇంజినీరింగ్ కాలేజీ ప్రాజెక్టు రిపోర్టుల దగ్గర్నుంచి ఫ్యాక్టరీ కంట్రోలర్ల దాకా దాన్నే నమ్ముకున్న స్క్రిప్టులు లెక్కలేనన్ని. అందరి కోసం ఆలోచించి చేసిన ఇంటర్‌ఫేస్ పరిస్థితే ఇలా ఉంటే, ఒక కంపెనీ ఒక క్వార్టర్ డెడ్‌లైన్ కోసం హడావుడిగా పెట్టినదాన్ని పదేళ్ల తర్వాత ఎవరు చూసుకుంటారు? అప్పటికి ఆ ప్రొడక్ట్ అమ్మకాలు ఆగిపోయి ఉంటాయి, ఆ టీమ్ వేరే కంపెనీలకు చెదిరిపోయి ఉంటుంది.

బ్యాటరీని 80 శాతం దగ్గర ఆపడం

ఈ విషయంలో లినక్స్ చరిత్ర మొత్తం ఒకేచోట కనిపించే ఫీచర్ ఇది. అందుకే కొంచెం వివరంగా చెబుతాను.

సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర సీటీసీలో సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొని లినక్స్ వేసుకున్న విద్యార్థిని ఊహించుకోండి. హాస్టల్లో ఎప్పుడూ ప్లగ్‌లోనే పెట్టి వాడతాడు. బ్యాటరీ త్వరగా పాడవకుండా 80 శాతం దగ్గర ఛార్జింగ్ ఆపేయాలి. హార్డ్‌వేర్‌కి ఆ సామర్థ్యం ఉంది. కెర్నెల్‌కి ఆ మాట ఎలా చెప్పాలన్నదే సమస్య.

సోనీ మెషీన్ అయితే 'బ్యాటరీ_కేర్_లిమిటర్' అనే ఫైల్లో 80 అని రాయాలి. శాంసంగ్ అయితే 'బ్యాటరీ_లైఫ్_ఎక్స్‌టెండర్', అందులో శాతం కాదు, 1 రాయాలి. లెనోవో ఐడియాప్యాడ్‌లో 'కన్జర్వేషన్_మోడ్', అక్కడా 1 రాయాలి గానీ ఎంత శాతం దగ్గర ఆగుతుందో మోడల్‌ని బట్టి మారుతుంది. ఎల్‌జీలో 'బ్యాటరీ_కేర్_లిమిట్', 80 లేదా 100 తప్ప ఇంకేదీ ఒప్పుకోదు. హువావేలో రెండు అంకెలూ కలిపి ఒకే ఫైల్లో రాయాలి. థింక్‌ప్యాడ్‌లో 2018లో వచ్చిన పేర్లు 'ఛార్జ్_స్టార్ట్_థ్రెషోల్డ్', 'ఛార్జ్_స్టాప్_థ్రెషోల్డ్'. చేసే పని ఒక్కటే, పేర్లు వేరు, ఫైళ్లు ఉండే చోట్లు వేరు, రాసే విలువల అర్థాలు కూడా వేరు.

ఈ డ్రైవర్లు రాసినవాళ్లెవరూ చేతకానివాళ్లు కాదు. ఎవరి ల్యాప్‌టాప్‌కి వాళ్లు చక్కగా పనిచేసే పరిష్కారం చూసుకున్నారు. కానీ ఆ తేడాల బరువంతా ల్యాప్‌టాప్ పవర్ సెట్టింగులు చూసే టీఎల్‌పీ లాంటి టూల్స్ రాసేవాళ్ల మీద పడింది. ఆ టూల్లో బ్రాండుకొక ప్లగిన్ ఉంటుంది. అన్ని బ్రాండ్ల ల్యాప్‌టాప్‌లూ కొని పరీక్షించే స్థోమత వలంటీర్లకు ఎక్కడిది?

2019లో కెర్నెల్‌లో బ్యాటరీలు, ఛార్జర్ల సంగతి చూసే పవర్ సప్లై సబ్‌సిస్టమ్‌లో 'ఛార్జ్_కంట్రోల్_స్టార్ట్_థ్రెషోల్డ్', 'ఛార్జ్_కంట్రోల్_ఎండ్_థ్రెషోల్డ్' అనే ఉమ్మడి పేర్లు చేరాయి. ఏసుస్ డ్రైవర్ అదే ఏడాది ఆ పేరుతోనే వచ్చింది. థింక్‌ప్యాడ్ డ్రైవర్ 2020లో మారింది. ఎల్‌జీ కూడా ఆ దారికే వచ్చింది. ఆ తర్వాతే డెస్క్‌టాప్‌లకు ధైర్యం వచ్చింది. కేడీఈ ప్లాస్మా 5.20లో ఛార్జింగ్ పరిమితి సెట్టింగ్ చేరింది, 2025 మార్చిలో వచ్చిన గ్నోమ్ 48లో బ్యాటరీ ఆరోగ్యాన్ని కాపాడే బటన్ వచ్చింది. ఆ విద్యార్థికి టెర్మినల్ తెరిచే అవసరమే లేకుండా పోయింది. ఉమ్మడి పేరు లేనంతకాలం ఏ డెస్క్‌టాప్ ప్రాజెక్టూ ఆరు రకాల ఫైళ్లు వెతికే కోడ్‌ని తన సెట్టింగ్స్ పేజీలో పెట్టుకోలేదు.

ఇంతకీ థింక్‌ప్యాడ్ పాత పేర్లు ఏమయ్యాయి? కొత్త పేర్లకు మారుపేర్లుగా డ్రైవర్‌లో అలాగే ఉన్నాయి. ఎవరి స్క్రిప్టు వాటిని వాడుతోందో తెలియదు కాబట్టి తీయలేరు.

మన దగ్గర దీని ప్రాధాన్యం ఇంకొంచెం ఎక్కువ. హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ వాళ్లు తెలుగులో లినక్స్ డిస్ట్రిబ్యూషన్ తయారుచేశారు. అలాంటి ప్రయత్నాల్లో పనిచేసేది జీతం తీసుకోని మనుషులు, వాళ్ల ముందుకొచ్చేవి ఏ బడికో ఎవరో ఇచ్చిన రకరకాల పాత మెషీన్లు. ఉమ్మడి ఇంటర్‌ఫేస్ ఉంటే ఒక్క స్క్రీన్‌ని తెలుగులోకి తెస్తే అన్ని మెషీన్లకూ సరిపోతుంది. వెండార్‌కొక ఇంటర్‌ఫేస్, వెండార్‌కొక యాప్ అయితే తెలుగు ఆ యాప్‌ల దాకా చేరదు.

సెన్సర్, ఫ్యాన్, వోల్టేజీ: ఇక్కడ ఆలోచించక్కర్లేదు

ఉష్ణోగ్రత, వోల్టేజీ, కరెంటు, ఫ్యాన్ స్పీడు. ఇవి చదివే చిప్‌కి సొంత ఐఆక్టల్ (ప్రోగ్రామ్ డ్రైవర్‌కి నేరుగా పంపే, నంబర్ ఉన్న ఆదేశం) పెడతామని ఎవరైనా అంటే వద్దనే చెబుతాను. హార్డ్‌వేర్ కొలతలు చూపించే హెచ్‌డబ్ల్యూమాన్ సబ్‌సిస్టమ్ ఉన్నది అందుకే. 'టెంప్1_ఇన్‌పుట్' అనే ఫైల్ ఏ కంపెనీ చిప్‌దైనా మిల్లీ డిగ్రీల సెల్సియస్‌లోనే ఉంటుంది. 45000 అంటే 45 డిగ్రీలు. వోల్టేజీ మిల్లీవోల్టుల్లో, పవర్ మైక్రోవాట్లలో. డేటాసెంటర్లలో మెట్రిక్స్ సేకరించే టూల్స్ ఈ ఫైళ్లను ఏ సెట్టింగూ లేకుండానే చదివేస్తాయి.

నాకు తెలిసిన ఒక చిన్న టీమ్ చర్లపల్లి వైపు సోలార్ స్టోరేజీకి బ్యాటరీ కంట్రోలర్ చేసేది. సెల్ వోల్టేజీలు చదివే చిప్‌కి ఆ చిప్ కంపెనీ ఇచ్చిన డ్రైవర్నే తీసుకున్నారు. అది ఒక సొంత డివైస్ ఫైల్ తెరుస్తుంది, ఒక ఐఆక్టల్ కొడితే సెల్ విలువలన్నీ ఒక స్ట్రక్చర్‌లో పెట్టి ఇస్తుంది. విలువలు వోల్టుల్లో ఉండవు, ఏడీసీ (వోల్టేజీని అంకెగా మార్చే సర్క్యూట్) నుంచి వచ్చిన ముడి అంకెలు. వాటిని ఏ సంఖ్యతో గుణించాలో అప్లికేషన్‌కే తెలియాలి. మొదట్లో అంతా బాగానే నడిచింది. 2021లో చిప్‌ల కొరత వచ్చి ఆ చిప్ దొరకడం మానేసింది. ఇంకో కంపెనీ చిప్ పెట్టారు, బోర్డు మార్చారు, అది త్వరగానే అయింది. ఇబ్బందంతా సాఫ్ట్‌వేర్ వైపు వచ్చింది. స్క్రీన్ మీద చూపించే ప్రోగ్రామ్, ఫోన్‌కి అలర్ట్ పంపేది, ఫ్యాక్టరీలో టెస్ట్ చేసే స్క్రిప్టు, అన్నిట్లోనూ పాత చిప్ గుణకం దాగి ఉంది. ఒకచోట మార్చి ఇంకోచోట మర్చిపోతే నిండిన బ్యాటరీ ఖాళీగా కనిపిస్తుంది. డ్రైవర్ మొదటి రోజే మిల్లీవోల్టుల్లో ఉమ్మడి ఫైళ్లు ఇచ్చి ఉంటే పై ప్రోగ్రామ్‌లలో ఒక్క లైనూ కదిలించాల్సిన పనిలేదు.

అందుకే ఉమ్మడి ఇంటర్‌ఫేస్ అనేది అప్‌స్ట్రీమ్ (అసలు లినక్స్ కెర్నెల్) మెయింటెయినర్ల మెప్పు కోసం చేసే పని అనుకోవద్దు. రేపు చిప్ మార్చే స్వేచ్ఛ మీకే మిగులుతుంది. చిప్ అమ్మే కంపెనీకి ఆ స్వేచ్ఛ మీ దగ్గర ఉండటం వల్ల లాభం లేదు, బోర్డు తయారుచేసే మీకు ఉంది. ఈ ఇద్దరి ప్రయోజనాలూ ఒకటి కావని చిన్న కంపెనీలు గుర్తుంచుకోవాలి.

సొంత ఇంటర్‌ఫేసే సరైన చోటు

ఇంతదాకా చదివి వెండార్ ఇంటర్‌ఫేస్ అంటేనే తప్పు అని నేనంటున్నానని అనుకోవద్దు. గ్రాఫిక్స్ చూడండి. లినక్స్‌లో గ్రాఫిక్స్ సంగతి చూసే డీఆర్‌ఎం సబ్‌సిస్టమ్ ఐఆక్టల్ నంబర్లలో ఒక పెద్ద భాగాన్ని డ్రైవర్ల సొంత వాడకానికే వదిలేసింది. ఇంటెల్‌వి ఇంటెల్‌వే, ఏఎండీవి ఏఎండీవే. ఒక జీపీయూకి పని అప్పజెప్పే తీరు ఇంకో జీపీయూకి కుదరదు. కమాండ్ల రూపం, మెమరీ అమరిక, క్యూలు అన్నీ వేరు. వాటన్నిటినీ ఒకే మూసలో పోయాలని చూస్తే ఎవరికీ పనికిరాని ఇంటర్‌ఫేస్ తయారవుతుంది. ఆ అవసరం కూడా లేదు. గేమ్ రాసేవాడు మాట్లాడేది వల్కన్, ఓపెన్‌జీఎల్ అనే ఉమ్మడి గ్రాఫిక్స్ ఇంటర్‌ఫేస్‌లతో. ఆ రెండిటి కింద మీసా లైబ్రరీ ఉంది, ప్రతి చిప్ తేడాలనూ అదే మింగేస్తుంది. ఉమ్మడితనం కెర్నెల్ పైన, లైబ్రరీ దగ్గర దొరికింది కాబట్టి కింద ఎవరి దారి వాళ్లది.

కానీ దానికి గ్రాఫిక్స్ మెయింటెయినర్లు ఒక షరతు పెట్టారు, అది నాకు చాలా న్యాయంగా అనిపిస్తుంది. కొత్త యూజర్‌స్పేస్ ఇంటర్‌ఫేస్ కావాలంటే, దాన్ని వాడే ఓపెన్ సోర్స్ కోడ్ పూర్తిగా తయారై, రివ్యూ అయి, ఆ ప్రాజెక్టులో చేరడానికి సిద్ధంగా ఉండాలి. ఊరికే టెస్ట్ ప్రోగ్రామ్ చూపిస్తే చాలదు. ఎందుకంటే వాడేవైపు కోడ్ కనిపించకపోతే ఆ ఐఆక్టల్‌లో ఏ ఫీల్డు దేనికో, ఏది తీస్తే ఏది పగులుతుందో కెర్నెల్ వైపు వాళ్లకు ఎప్పటికీ తెలియదు.

అదే గ్రాఫిక్స్‌లో డిస్‌ప్లే భాగం మాత్రం ఉమ్మడిది. స్క్రీన్ రిజల్యూషన్ మార్చడం, ప్లేన్లు (ఒకదానిపై ఒకటి పేర్చే చిత్రపు పొరలు) అమర్చడం అన్నది ఏ చిప్‌కైనా ఒకటే, దాన్ని వాడే కంపోజిటర్లు (విండోలన్నీ కలిపి స్క్రీన్ మీద చూపే ప్రోగ్రామ్‌లు) అన్ని చిప్‌ల మీదా నడవాలి. ఒకే కార్డులో ఒక సగానికి సొంత ఇంటర్‌ఫేస్, ఇంకో సగానికి ఉమ్మడిది. గీత ఎక్కడ గీయాలో నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు.

ఏఐ యాక్సిలరేటర్లదీ ఇదే చర్చ. మొదట్లో కొన్ని డ్రైవర్లు ఏ సబ్‌సిస్టమ్‌కీ చెందని 'మిస్క్' ఫోల్డర్‌లో చేరాయి. హబానా అనే ఏఐ చిప్ కంపెనీ డ్రైవర్ 2019లో అలాగే వచ్చింది. ఓపెన్ యూజర్‌స్పేస్ లేకుండా ఇవి ఎందుకు చేరుతున్నాయని పెద్ద వాదనే జరిగింది. 2023లో 6.2 కెర్నెల్‌తో వీటికి 'యాక్సెల్' అనే ప్రత్యేక సబ్‌సిస్టమ్ ఏర్పడింది, డీఆర్‌ఎం షరతులే దానికీ వర్తిస్తాయి. క్వాల్‌కామ్ క్లౌడ్ ఏఐ 100 డ్రైవర్ 6.4లో అక్కడే చేరింది. హైదరాబాద్‌లో ఎవరైనా యాక్సిలరేటర్ చిప్ చేస్తుంటే కంపైలర్, రన్‌టైమ్ సోర్సు బయటపెట్టే నిర్ణయం ముందే తీసుకోండి. డ్రైవర్ ప్యాచ్ పంపాక మేనేజ్‌మెంట్‌ని ఒప్పించే పని మొదలుపెడితే నెలలు గడిచిపోతాయి, టెన్షన్ మాత్రం ఇంజినీర్లకు.

తేలనప్పుడు ఎక్కడ పెట్టాలి

ఫీచర్ కొత్తది. రెండో వెండార్ దగ్గర ఇంకా లేదు. ఉమ్మడి ఇంటర్‌ఫేస్ ఇప్పుడే తయారుచేస్తే ఒకే చిప్‌ని చూసి అందరి కొలతలూ తీసినట్టవుతుంది. అలాగని సొంతది పెడితే అది శాశ్వతం. ఈ ఇరకాటానికి నాకు బాగా నచ్చిన పరిష్కారం ఏఎండీ కలర్ మేనేజ్‌మెంట్‌లో జరిగింది. స్టీమ్ డెక్ అనే చేతిలో పట్టుకునే గేమింగ్ మెషీన్‌లో హెచ్‌డీఆర్ (వెలుగునీడల తేడాలను ఎక్కువగా చూపే పద్ధతి) కోసం డిస్‌ప్లే హార్డ్‌వేర్‌లోని రంగుల బ్లాకులను వాడుకోవాలి. వాటికి ఏఎండీ పేరుతో ప్రాపర్టీలు తయారుచేశారు. ఆ కోడ్ 6.8 కెర్నెల్‌లో చేరింది, కానీ మామూలు కాన్ఫిగ్ మెనూలో దానికి ఆప్షనే లేదు; కంపైల్ చేసేటప్పుడు చేత్తో ఒక ఫ్లాగ్ ఇస్తే తప్ప బయటికి రాదు. కావాల్సినవాళ్లు తమ కెర్నెల్‌లో ఆన్ చేసుకున్నారు, మిగతా ప్రపంచానికి ఏ హామీ ఇవ్వలేదు. ఈలోగా అందరి హార్డ్‌వేర్‌కీ సరిపోయే కలర్ పైప్‌లైన్ డిజైన్ మీద వేర్వేరు కంపెనీలవాళ్లు కూర్చుని పనిచేశారు. అనుభవం దొరికింది, శాశ్వత బంధం పడలేదు.

వీడియో కోడెక్‌లవాళ్లు ఇదే పని ఇంకో రకంగా చేశారు. స్టేట్‌లెస్ (ముందు ఫ్రేముల సంగతి చిప్ గుర్తుంచుకోని) హెచ్.264 వీడియో డీకోడింగ్ కంట్రోల్స్‌ని ముందు యూజర్‌స్పేస్‌కి ఎగుమతి కాని హెడర్లలో ఉంచి, రకరకాల చిప్‌ల మీద వాడి, దిద్ది, 5.11లో గానీ ఖరారు చేయలేదు.

డెవలపర్లు తప్పులు వెతకడానికి వాడే డీబగ్‌ఎఫ్‌ఎస్ గురించి ఒక మాట. దానికి స్థిరత్వం హామీ లేదు కాబట్టి ల్యాబ్‌లో చూసుకునే రిజిస్టర్ డంపులకు అదే సరైన చోటు. ప్రొడక్ట్ దాని మీద ఆధారపడకూడదు. సెక్యూర్ బూట్‌తో లాక్‌డౌన్ (కెర్నెల్‌లో జోక్యాన్ని అడ్డుకునే రక్షణ) ఆన్ అయిన మెషీన్‌లో డీబగ్‌ఎఫ్‌ఎస్ చాలావరకు మూసుకుపోతుంది, కస్టమర్ దగ్గర ఫీచర్ మాయమవుతుంది.

వైఫైది పాత కథ. ఒకప్పటి వైఫై ఇంటర్‌ఫేస్ అయిన వైర్‌లెస్ ఎక్స్‌టెన్షన్స్‌లో ప్రతి డ్రైవర్‌కీ 32 ప్రైవేట్ ఐఆక్టల్ నంబర్లు వదిలేశారు. ఒకే నంబర్‌కి ఒక్కో డ్రైవర్‌లో ఒక్కో అర్థం. తర్వాత వచ్చిన ఎన్‌ఎల్80211లో చాలా ఫీచర్లకు ఉమ్మడి కమాండ్లు పెట్టి, మిగిలినవాటికి 2014లో వెండార్ కమాండ్ అనే చిన్న ద్వారం తెరిచారు. ప్రతి కమాండ్‌తోనూ కంపెనీ గుర్తింపు సంఖ్య రావాలి కాబట్టి అర్థాలు కలగాపులగం కావు. నెట్‌వర్క్ కార్డులకు డెవ్‌లింక్ అనే ఇంటర్‌ఫేస్‌లో ఉమ్మడి పారామీటర్ల పక్కనే డ్రైవర్ పారామీటర్లూ ఉంటాయి, ప్రతిదానికీ డాక్యుమెంటేషన్ రాయాలి.

పాస్‌త్రూ: కెర్నెల్‌కి అర్థం కాని కమాండ్లు

ఇంకో దారి ఉంది. కెర్నెల్ ఏమీ అర్థం చేసుకోకుండా, అప్లికేషన్ ఇచ్చిన కమాండ్‌ని నేరుగా ఫర్మ్‌వేర్‌కి (హార్డ్‌వేర్ లోపల నడిచే సాఫ్ట్‌వేర్‌కి) అందించడం. ఎన్‌వీఎంఈ డిస్కులు (వేగంగా పనిచేసే ఒక రకం ఎస్‌ఎస్‌డీలు) ఇలాగే చేస్తాయి. స్టాండర్డ్‌లోనే కొన్ని కమాండ్ నంబర్లు వెండార్లకు కేటాయించారు, ఎన్‌వీఎంఈ టూల్‌లో కంపెనీకొక ప్లగిన్ ఉంటుంది. డిస్కు లాగులు తీయడం, ఫ్యాక్టరీ పరీక్షలు లాంటివాటికి ఇది హాయిగా పనిచేస్తుంది. డిస్కుకి రాయడం, చదవడం అనే అసలు పని ఉమ్మడి బ్లాక్ లేయర్ ద్వారానే పోతుంది కాబట్టి పాస్‌త్రూ వల్ల అసలు ఇంటర్‌ఫేస్‌కి నష్టం లేదు.

నెట్‌వర్క్ కార్డుల విషయంలో మాత్రం పెద్ద వాదోపవాదాలయ్యాయి. పాస్‌త్రూ ఇస్తే వెండార్లు ఇక ఉమ్మడి ఇంటర్‌ఫేస్ కోసం ఎందుకు కష్టపడతారన్నది నెట్‌వర్కింగ్ మెయింటెయినర్ల భయం. డేటాసెంటర్‌లో పాడైన కార్డుని ఫర్మ్‌వేర్ లోపలికి చూడకుండా ఎలా బాగుచేస్తాం అన్నది అవతలివాళ్ల వాదన. చివరికి 2025లో 6.15 కెర్నెల్‌తో ఎఫ్‌డబ్ల్యూసీటీఎల్ అనే సబ్‌సిస్టమ్ వచ్చింది. అందులో ప్రతి కమాండూ నాలుగు స్థాయిల్లో ఒకదానికి చెందాలి: కాన్ఫిగరేషన్, చదివే డీబగ్, రాసే డీబగ్, పూర్తి అధికారంతో రాసే డీబగ్. చివరిదానికి రా ఐఓ అధికారం (హార్డ్‌వేర్‌ని నేరుగా తాకే అనుమతి) ఉండాలి. రాసే స్థాయిలు వాడితే కెర్నెల్ మీద టెయింట్ (ఈ కెర్నెల్‌ని పూర్తిగా నమ్మలేమనే) గుర్తు పడుతుంది, బగ్ రిపోర్ట్ చూసేవాళ్లకు వెంటనే తెలుస్తుంది. రెండు పక్షాల భయాలూ నిజమైనవే. నా ఓటు మాత్రం ఇది డీబగ్‌కీ ప్రొవిజనింగ్‌కీ పరిమితమైతేనే. కస్టమర్ రోజూ వాడే ఫీచర్‌ని పాస్‌త్రూలో దాచితే అది పాత ప్రైవేట్ ఐఆక్టల్ కొత్త పేరుతో వచ్చినట్టే.

సెక్యూరిటీ కోణం తేలిగ్గా తీసుకోవద్దు. విండోస్‌లో సొంత ఐఆక్టల్ పెట్టుకోవడం మామూలు పద్ధతి. 0x800 నుంచి పై ఫంక్షన్ నంబర్లు వెండార్లవే అని మైక్రోసాఫ్టే చెప్పింది. అలా వచ్చినవాటిలో ఓవర్‌క్లాకింగ్ టూల్‌తో వచ్చే ఆర్‌టీకోర్64 అనే డ్రైవర్ ఒకటి. ఫ్యాన్, వోల్టేజీ సర్దుబాట్ల కోసం రాసిన ఆ డ్రైవర్ మామూలు యూజర్ చేతికి కూడా మెమరీ చదివే, రాసే తాళంచెవి ఇచ్చేసింది. 2019లో దానికి సీవీఈ (భద్రతా లోపానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య) నమోదైంది. తర్వాత రాన్సమ్‌వేర్ ముఠాలు ఆ టూల్ లేని కంప్యూటర్లలోకి కూడా ఆ డ్రైవర్‌ని వెంట తెచ్చుకుని యాంటీవైరస్‌లను ఆపేశాయి. 'ఈ అడ్రస్ చదువు, ఈ రిజిస్టర్ రాయి' అనే ఇంటర్‌ఫేస్ రాయడం చాలా సులువు. అది మీ సంతకంతో బయటికి వెళ్లాక దాన్ని ఎవరు ఎక్కడ వాడతారో మీ చేతుల్లో ఉండదు.

కెర్నెల్ బయటే ఉంచుకుంటే?

అప్‌స్ట్రీమ్ గొడవే వద్దు, మా మాడ్యూల్ (కెర్నెల్‌కి విడిగా తగిలించే డ్రైవర్) మేమే ఇచ్చుకుంటాం అనేవాళ్లకు: ఒకే కెర్నెల్ వెర్షన్‌కి కట్టుబడే ప్రొడక్ట్ అయితే, అమ్మిన బాక్సు మళ్లీ అప్‌డేట్ చూడదంటే, కొంతకాలం నడుస్తుంది. లేకపోతే ప్రతి కొత్త కెర్నెల్‌కీ మాడ్యూల్ తిరగరాయడం మీ పనే. ఆండ్రాయిడ్ ప్రపంచం ఈ కష్టం పూర్తిగా అనుభవించింది. ఫోన్‌కొక కెర్నెల్ అయిపోయి సెక్యూరిటీ అప్‌డేట్లు చేరకపోవడంతో గూగుల్ జీకేఐ తెచ్చింది. ఆండ్రాయిడ్ 12తో, 5.10 కెర్నెల్‌తో వచ్చే ఫోన్లలో అసలు కెర్నెల్ అందరికీ ఒకటే, చిప్ కంపెనీల కోడ్ మాడ్యూళ్లలో, ముందే ఒప్పుకున్న వెండార్ హుక్‌ల దగ్గర మాత్రమే.

పెట్టాలనే నిర్ణయించుకుంటే

ఐఆక్టల్‌తో వెళ్లే స్ట్రక్చర్ రాసేటప్పుడు జాగ్రత్త. 64 బిట్ ఫీల్డుని 32 బిట్ ఎక్స్86 ప్రోగ్రామ్ 4 బైట్ల హద్దు మీద పెడుతుంది, 64 బిట్ కెర్నెల్ 8 బైట్ల హద్దు మీద వెతుకుతుంది. మధ్య ఖాళీలను మీరే ఫీల్డులుగా రాసి నింపాలి. ఒక ఫ్లాగ్స్ ఫీల్డు తప్పకుండా ఉంచండి, తెలియని బిట్ వస్తే మొదటి రోజు నుంచే ఈఇన్‌వాల్ ('విలువ చెల్లదు' అనే) ఎర్రర్ ఇవ్వండి. చూసీచూడనట్టు వదిలేస్తే ఎవరో అందులో చెత్త విలువలు పంపుతూ ఉంటారు, రేపు ఆ బిట్‌కి అర్థం పెట్టలేరు. సిస్‌ఎఫ్‌ఎస్ అయితే ఫైల్‌కి ఒక్క విలువే, యూనిట్ ఏమిటో ఏబీఐ (బయటి ప్రోగ్రామ్‌లు నమ్ముకునే ఇంటర్‌ఫేస్) డాక్యుమెంట్‌లో రాయాలి. పేరులో కంపెనీ బ్రాండ్ కంటే పని కనిపించాలి. కంపెనీలు చేతులు మారతాయి, బ్యాటరీ బ్యాటరీగానే ఉంటుంది.

ఇప్పుడు ఆ బ్యాటరీ కంట్రోలర్‌నే కొత్తగా చేస్తున్నారనుకుని పంపకం వేద్దాం. ప్యాక్ వోల్టేజీ, కరెంటు, ఛార్జ్ శాతం పవర్ సప్లై క్లాస్‌లోకి. అక్కడ వోల్టేజీ మైక్రోవోల్టుల్లో అని గుర్తుంచుకోండి, హెచ్‌డబ్ల్యూమాన్‌లో మాదిరి మిల్లీవోల్టులు కావు. ఒక్కో సెల్ వోల్టేజీ, బోర్డు ఉష్ణోగ్రత, ఫ్యాన్ హెచ్‌డబ్ల్యూమాన్‌లోకి, ప్రతి సెల్‌కీ లేబుల్ ఫైల్‌తో. ఛార్జింగ్ పరిమితికి పైన చెప్పిన ఉమ్మడి పేరే. కాంటాక్టర్ (బ్యాటరీని కలిపే, విడదీసే పెద్ద స్విచ్) ఆన్, ఆఫ్ జీపీఐఓ క్యారెక్టర్ డివైస్‌తో. ఫ్యాక్టరీ క్యాలిబ్రేషన్ విలువలు ఎన్‌వీమెమ్‌లో (కరెంటు పోయినా చెరగని మెమరీకి ఉన్న సబ్‌సిస్టమ్‌లో). ఫర్మ్‌వేర్ అప్‌డేట్‌కి 5.19 నుంచి కెర్నెల్‌లోనే అప్‌లోడ్ ఇంటర్‌ఫేస్ ఉంది, దానికి సొంత ఐఆక్టల్ అక్కర్లేదు.

వీటన్నిటికీ సొంత ఇంటర్‌ఫేస్ ఒక్కటీ అవసరం పడలేదు. మిగిలింది సెల్ బ్యాలెన్సింగ్ (సెల్స్ అన్నిటినీ ఒకే స్థాయికి తేవడం): ఎన్ని మిల్లీవోల్టుల తేడా వస్తే మొదలుపెట్టాలి, ఎంతసేపు చేయాలి అన్నది. దీనికే ఉమ్మడి పేరు లేదు. నేనైతే సురక్షితమైన డిఫాల్ట్ విలువలను డివైస్ ట్రీలో (బోర్డులో ఏముందో కెర్నెల్‌కి చెప్పే ఫైల్లో) పెట్టి, ల్యాబ్‌లో సర్దుబాటుకి డీబగ్‌ఎఫ్‌ఎస్ తెరిచి, ప్రొడక్ట్‌ని ఆ డిఫాల్ట్‌లతోనే బయటికి పంపుతాను. ఫీల్డులో మార్చాల్సిన అవసరం నిజంగా ఉందని కస్టమర్లు చెప్పాక, ఇంకో ఇద్దరు చిప్ తయారీదారుల డేటాషీట్లు తెరిచి వాళ్ల చిప్‌లలో ఇదే సర్దుబాటు ఏ రూపంలో ఉందో చూసి, ముగ్గురికీ సరిపోయే రెండు ప్రాపర్టీలతో పవర్ సప్లై మెయింటెయినర్లకు ఆర్‌ఎఫ్‌సీ (అభిప్రాయాలు కోరే) ప్యాచ్ పంపుతాను, దాన్ని వాడే ప్రోగ్రామ్ సోర్సు కూడా జతచేసి.